మాపు దాచు రంగు, మనిషిని జూపు రంగు

పనిబట్టలు కొనుటకు దుకాణమునకు బోయిన గృహిణి మొట్టమొదట నడుగు మాట యొకటి కలదు: “మాపు కనబడని రంగు చూపుడు.” పిల్లవాని నిక్కరునకైనను, పెనిమిటి కార్ఖానాకు దొడుగుకొని పోవు చొక్కాకైనను, వానకాలపు కోటునకైనను ఈ మాటయే. ఖాకీ, బూడిద, ముదురు నీలము, నలుపు - మన యిండ్లలో పనిబట్టల రంగు లివియే. ఉదుకుటలోని కష్ట మెఱిగిన స్త్రీలు ఈ రంగులను గోరుట తప్పని యెవరు ననజాలరు. కాని మాపును దాచు రంగు మనిషినిగూడ దాచునను సంగతి మనలో ననేకులకు దోచలేదు. మాకును చాల కాలము దోచలేదు. ఒక చిన్న సంఘటన మాకు దానిని నేర్పినది. సోదరీమణులకు మనవి చేయుటకే యీ వ్యాసము.

మేము విశాఖపట్టణవాసులము. ఈ నగరమున బయటిపని చేయువారు లేని వీధి యుండదు. 1933లో ఓడరేవు తెఱువబడిన నాటినుండి బొగ్గు, ఇనుపరాయి, ఎరువులు, ధాన్యములు దింపు చేతులకు, ఎత్తు చేతులకు ఇచట పని యున్నది. 1976లో వెలుపలి రేవు వచ్చినది. 1966లో ప్రజ లాందోళన చేసి సాధించుకొన్న ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకిత మయ్యెను. ఇవి గాక చేపలరేవు, ఓడలు గట్టు కార్ఖానా, రైలుపట్టాలు, తెల్లవాఱక మున్నే వీధు లూడ్చు పారిశుద్ధ్యపు పనివారు. పుష్యమాసమున ఇచట సూర్యోదయము ఆఱున్నర గంటల ప్రాంతమున నగును. ఆఱు గంటల షిఫ్టునకు బోవువా డైదు గంటలకే సైకి లెక్కవలెను. కనుక సంవత్సరములో కొన్ని నెలలపాటు వేలకొలది గృహములలోని పురుషులు, స్త్రీలు చీకటిలోనే లారీల నడుమ పనికి బోవుచున్నారు.

మా యింట జరిగిన ముచ్చట

మా మఱది యొక గుత్తేదారు క్రింద పని చేయుచున్నాడు. పనిలో జేరిననాడు అతనికొక జాకెట్టు నిచ్చిరి. నారింజ రంగు గుడ్డపై వెండి పట్టీలు కుట్టిన యా తొడుగును వీధిలో అందఱును ‘రేడియం జాకెట్టు’ అందురు. అది బొగ్గుపొడితో నల్లబడి యింటికి రాగా మాకు సహింపలేదు. వేడినీళ్లలో సోడా వేసి యుడికించితిమి. పట్టీలను బ్రష్షుతో గట్టిగా రుద్దితిమి. గంజి పెట్టి మిట్టమధ్యాహ్నపు టెండలో ఆఱవేసితిమి. వారమున కొకసారి యిట్లే చేసి, మా కంటె శుభ్రముగా ఉదుకువా రెవరని గర్వపడితిమి. ఆఱు నెలలు గడచునప్పటికి నారింజ రంగు వెలిసి చందనపు రంగయ్యెను. పట్టీలు మామూలు బూడిదరంగు గుడ్డపేలికలయ్యెను.

ఒకనాడు మబ్బు పట్టిన తెల్లవాఱుజామున అతడు సైకిలుపై పోవుచుండగా, ప్రక్కదారినుండి మలుపు దిరిగిన లారీ మూరెడు దూరమున నాగినది. సాయంకాల మింటికి వచ్చి, “వదినా, ఆ డ్రైవరు నన్ను చూడనే లేదట. హేండిలుకు తగిలించిన నా స్టీలు క్యారేజీ తళుక్కుమంటే చూచి బ్రేకు వేసినాడట” అని నవ్వినాడు. మాకు నవ్వు రాలేదు. అన్నపు గిన్నె కనబడినది. అన్నము దిను మనిషి కనబడలేదు. తప్పెవరిదని విచారింపగా, శ్రద్ధగా ఉదికిన మా చేతులదే యని తేలినది. ఆనాటినుండి ఈ విషయము నడిగి, చదివి తెలిసికొన్నదానిని ఇచట వ్రాయుచున్నాము.

దాగుటకు బుట్టిన రంగు

ఖాకీ అను మాట పారసీకమున ధూళి యను నర్థమిచ్చు ‘ఖాక్’ అను పదమునుండి వచ్చినది. 1846లో పెషావరునొద్ద ఏర్పడిన గైడ్సు దళమునకు, ఆ ప్రాంతపు దుమ్ములో సిపాయిలు శత్రువునకు గనబడకుండుటకై, లమ్స్‌డెన్ అను దొర ఈ రంగుబట్టలు వాడుకకు దెచ్చెను. తరువాత అనేక సైన్యములు దానిని గైకొన్నవి. సైన్యమునుండి పోలీసులకు, తపాలావారికి, లారీ డ్రైవరులకు, కూలీలకు వచ్చినది. శత్రువు కంట బడకుండుటకై పుట్టిన బట్టను, డ్రైవరు కంట బడవలసిన మనిషికి మనము తొడుగుచున్నాము. ముదురు నీలము సంగతియు నింతే. అది మసిని, నూనెను దాచును. మబ్బు కమ్మిన వేకువలో మనిషిని దాచును.

రంగుల బేధ మెఱుగని వారా స్త్రీలు? తెల్లవాఱగానే వాకిట పేడనీళ్లు కల్లాపి చల్లి, ఆ పచ్చని నల్లదనముపై తెల్లని పిండితో ముగ్గు వేయుచున్నాము. తెల్లని చలువరాతిపై తెల్లని ముగ్గు వేసిన దెవరు? గడపకు పసుపు పూసి, దానిపై కుంకుమ బొట్లు పెట్టుచున్నాము. ఏ రంగైనను తనంతట తాను కనబడదు, వెనుకనున్న రంగును బట్టి కనబడునను శాస్త్రము మన చేతివ్రేళ్లకు దెలిసియే యున్నది. దానిని వాకిటినుండి మనిషి మేనికి దెచ్చుటయే మిగిలినది.

పనిచోటును జూచి రంగు నెంచవలెను

ఈ దృష్టితో మన నగరమును జూచిన యెడల, అన్ని చోట్లకు నొకే రంగు సరిపడదని తెలియును. బొగ్గు నిలువచేయు స్థలములలో వెనుక నున్నది నలుపు. అచట పసుపైనను నారింజయైనను చక్కగా గనబడును. ఇనుపరాయి కుప్పలవద్దను, ఎఱ్ఱమట్టి తవ్వు చోటులను నారింజయు ఎఱుపును నేలలో గలిసిపోవును. అచట ఆకుపచ్చ కలిసిన నిగనిగలాడు పసుపు మేలు. కొండవాలున చెట్లు నఱకువారికి, తోటలలో పని చేయువారికి ఆ పసుపే లేతాకులలో గలిసిపోవచ్చును. వారికి నారింజ మేలు.

సముద్రముమీద సంగతి వేఱు. నీలము, ఆకుపచ్చ నీటిలో దాగును. తెలుపు స్పష్టముగా గనబడునని మన మనుకొందుము. కాని యలలు విఱిగి నురుగు లేచునపుడు తెల్లని పడవకు, తెల్లని చొక్కాకు, నురుగునకు భేదము తెలియదు. కావుననే 1998లో అమలునకు వచ్చిన అంతర్జాతీయ ప్రాణరక్షణ సాధనముల నియమావళి, ఓడలలోని ప్రాణరక్షణ సామగ్రి మెఱయు నారింజ రంగున గాని, అంత స్పష్టముగా గనబడు మఱియొక రంగున గాని యుండవలెనని విధించినది. ఎత్తునుండి వెదకు విమానమునకు నీటిపై దేలు మనిషి తల కొబ్బరికాయంత. ఆ తలచుట్టు నారింజరంగు లేనిచో వెదకువారు పైనుండియే దాటిపోవుదురు.

ఓడరేవు స్వయముగా రంగులతోనే మాటలాడును. 1957లో డాల్ఫిన్ ముక్కు కొండపై వెలసిన దీపస్తంభమును దూరమునుండి పోల్చుకొని వచ్చు నావికుడు, మన దేశము పాటించు పద్ధతి ననుసరించి, రేవు జొచ్చునపుడు ఎఱ్ఱని బోయాలను ఎడమవైపునను, పచ్చని బోయాలను కుడివైపునను ఉంచుకొనును. రంగు మాసిన బోయా అబద్ధమాడిన బోయా యని గదా యర్థము. అందుచే వానికి మఱల మఱల రంగు వేయుదురు. ఇనుముతో జేసిన బోయాపై జూపు నీ శ్రద్ధ మనిషి తొడుగుపై నేల యుండరాదు?

చేపలవేట జేయు కుటుంబములలోని సోదరీమణుల కొక విన్నపము. మన తీరమున ప్రతి సంవత్సరము ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు మరపడవల వేట నిషేధము. ఆ దినములలో పడవలను ఒడ్డునకు దెచ్చి బాగుచేసి, రంగులు వేసికొందురు. పడవకు రంగు వేయు చేతితోనే, చుక్కానియొద్ద నుంచు డబ్బాకు, నీరు తోడు చేదకు, వలకు గట్టు తేలుడు గుండ్లకు, వానకోటు టోపీకి మెఱయు నారింజ రంగు రానిండు. ప్రాణరక్షణ జాకెట్టు పడవ యడుగున మడతలో నుండక మనిషి మేనిపై నుండవలెనని మీరు చెప్పిన మాటను వారు త్రోసివేయరు.

మందారము చెప్పు పాఠము

రంగు నెంచుటలో మఱియొక చిక్కు కలదు. పగటి కన్ను వేఱు, సంధ్యవేళ కన్ను వేఱు. మీ పెరటిలో ఎఱ్ఱమందారపు చెట్టున్నచో, నేటి సాయంకాలము దీపములు పెట్టకముందు దాని నొకసారి చూడుడు. పగలు నిప్పువలె వెలుగు పువ్వు చీకటి పడుకొలదిని నల్లబడును. ఆకులు మాత్ర మింకను బూడిదరంగున తేటగా గనబడుచుండును. బొహీమియా దేశపు పుర్కిన్యే అను వైద్యశాస్త్రజ్ఞుడు పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభమున ఈ వింతను గమనించి లోకమునకు దెలిపెను. వెలుతురు తగ్గుకొలది మన కంటికి ఎఱుపు త్వరగా నశించును. కావున వేకువను, మునిమాపున పనికి బోవువారికి ముదురెఱుపు నమ్మదగిన రంగు గాదు. మఱియు కొందఱు పురుషులకు పుట్టుకతోనే ఎఱుపు నలుపుగా దోచును. అట్టివారు లారీ నడుపుచున్నచో పగటివేళనైనను మన ఎఱ్ఱచొక్కా వారికి చీకటియే.

పెండ్లికూతురి వస్త్రము

మామూలు పసుపునకును, జాకెట్టుపై నుండు పసుపునకును భేద మేమి? రెండవదానిని ‘ఫ్లోరెసెంటు’ రంగందురు. ఎండలో మన కంటికి గనబడని అతినీలలోహిత కిరణము లుండును. ఈ రంగు వానిని బీల్చుకొని, కనబడు వెలుగుగా మార్చి పైకి విడుచును. అందుచే తనపై బడిన వెలుగుకంటె నెక్కువ వెలుగు నిచ్చుచున్నట్లు దోచును. మబ్బు దినములందును, తెల్లవాఱుచున్నప్పుడును ఇది మిగిలిన రంగులన్నిటికంటె ముందు కంట బడుట కిదియే కారణము.

ఈ రంగు పుట్టుక యొక కథవలె నుండును. అమెరికాలో బాబ్ స్విట్జర్ అను విద్యార్థి 1933లో పనిచోట సరకు దింపుచు పడి తలకు దెబ్బ తగిలి, చూపు చెడగా, చీకటిగదిలో నెలలకొలది విశ్రమింపవలసి వచ్చెను. ఆ చీకటిలో అతడును, తమ్ముడు జోసెఫును కలసి మెఱయు పదార్థములతో ఆటలాడుచు రంగులు కలిపిరి. క్రమముగా పగటియెండలోనే వెలుగు రంగులు గనిపెట్టిరి. ఆ రంగుతో అతడు మొదట సిద్ధపఱచిన వస్త్రము తన భార్య పెండ్లి దుస్తని చెప్పుదురు. రెండవ ప్రపంచయుద్ధమున ఆ గుడ్డలు విమానములకు సంకేతములు జూపుటకు వాడబడినవి. 1964లో గ్లాస్గో నగరమున రైలుపట్టాలపై పని చేయువారికి నారింజ జాకెట్లు తొడిగి పరీక్షించిరి. వానికి ‘మిణుగురులు’ అని ముద్దుపేరు పెట్టిరి. పనివాని మేనిపై నేడు మనము చూచు రంగునకు అవియే పూర్వులు.

కాని నడిరేయి అతినీలలోహిత కిరణములు లేవు. అప్పుడు ఫ్లోరెసెంటు పసుపు మామూలు పసుపే. రాత్రి మనిషిని గాపాడునవి వెండి పట్టీలు. అద్దము తనపై బడిన వెలుగును మఱియొక వైపునకు ద్రోయును. ఈ పట్టీలలో కంటి కానని సన్నని గాజుపూసలు కోట్లకొలది యుండి, లారీ దీపపు వెలుగును వచ్చినదారినే వెనుకకు మరల్చి డ్రైవరు కంటికే చేర్చును. రాత్రి పిల్లి కన్నులు మెఱయుటయు నిట్టిదే. ఆ పోలికతోనే ఇంగ్లండున పెర్సీ షా 1934లో రహదారి నడుమ పొదుగు గాజు కన్నులకు పేటెంటు పొందెను.

ఈ పట్టీలను మనము ‘రేడియం’ అనుచున్నాము గాని వానిలో రేడియం అణుమాత్రము లేదు. ఆ పేరు పాతకాలపు గడియారములనుండి వచ్చినది. చీకటిలో తమంతట తామే వెలుగు అంకెలకు పూర్వము రేడియం కలిపిన రంగు వేసెడివారు. 1917 మొదలుకొని అమెరికాలో ఆ పని చేసిన బాలికలు కుంచె మొన సన్నము జేయుటకు పెదవులతో తడుపుచుండిరి. వారి దవుడ యెముకలు కుళ్లి పెక్కుమంది మరణించిరి. వారిలో నైదుగురు వేసిన దావా 1928లో రాజీయయ్యెను; పనివారి రక్షణకు అది మార్గము జూపెను. నేటి పట్టీలు తమంతట వెలుగవు. వెలుగు పడిననే మెఱయును. కావున సోదరీమణులు ఆ పేరునకు భయపడ నక్కఱలేదు.

ఎచట కుట్టవలెను

గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చు లారీ సెకండునకు సుమారు 17 మీటర్లు పోవును. డ్రైవరు చూచి, గ్రహించి, బ్రేకుపై కాలు మోపుటకు రెండున్నర సెకండ్లని మన రహదారి ఇంజనీర్లు లెక్క గట్టుదురు. అనగా లారీ నెమ్మదించుట ప్రారంభించు లోపలనే 42 మీటర్ల దారి గడచిపోవును. ఆ తరువాత ఆగుటకు మఱికొంత దూరము కావలెను. ముదురు బట్టలు గట్టినవా డంతదూరమున కనబడడు. కనబడునప్పటికి కాలము మించిపోవును.

చూచినంత మాత్రమున చాలదు. చూచినది మనిషియని గ్రహింపవలెను. 1973లో స్వీడను శాస్త్రజ్ఞుడు యోహాన్సన్ చీకటిలో ఒక మనిషి కీళ్లపై మాత్రమే చిన్న వెలుగుచుక్కలు ఉంచి నడిపించెను. చూచువారు ఆ కొలది చుక్కల కదలికనుబట్టియే నడచుచున్నది మనిషియని వెంటనే చెప్పిరి. ఱొమ్ముపై నొక్క పట్టీ యున్నచో అది స్తంభమో పీపాయో యనిపింపవచ్చును. మణికట్టులయందును, చీలమండలయందును పట్టీ లున్నచో మనిషి నడక బయట పడును. గాజులు, అందెలు పెట్టు చోటులే యివి. ఆభరణముల స్థానమెఱిగిన మనకు ఇది జ్ఞాపక ముంచుకొనుట కష్టమా?

కుట్టు పని యిట్లు చేయవచ్చును. ఇనుపసామాను, రక్షణసామగ్రి అమ్ము దుకాణములలో అయిదు సెంటిమీటర్ల వెడల్పున వెండి పట్టీ మీటర్ల లెక్కన దొరకును. అంటించునది గాక కుట్టునది కొనుడు. నడుముచుట్టు నొక వరుస, భుజములమీదుగా ముందు వెనుకలకు రెండు వరుసలు, చేతులకు కాళ్లకు ఒక్కొక్కటి చాలును. పాత జాకెట్టు రంగు వెలిసినచో ఇంటిలో అద్దకము చేయుటకు బూనకుడు. ఆ గుడ్డ సాధారణముగా పాలియెస్టరు; ఇంటి రంగులు దానికి బట్టవు; పట్టినను ఫ్లోరెసెంటు గుణము రాదు. దానికి బదులు నిగనిగలాడు ఫ్లోరెసెంటు గుడ్డనే కొని పైని కుట్టుట మేలు.

వానకోటుపై సూది పొడిచినచో చిల్లులగుండ నీరు జొచ్చును. కావున కోటుపై దొడుగుటకు చేతులు లేని పలుచని పైతొడుగొకటి వేఱుగా కుట్టుడు. నల్లని గొడుగు అంచు చుట్టు సన్నని పట్టీ కుట్టినచో చీకటి వానలో అది యొక వెలుగు చక్రమగును. సైకిలు వెనుక మడ్గార్డునకు, తెడ్లకు, పార కఱ్ఱకు, చేపల తట్ట అంచునకు అంటించు పట్టీ చాలును. తలకు బెట్టు ప్లాస్టికు హెల్మెట్టునకు మాత్రము డబ్బా రంగు పూయరాదు. రంగులోని ద్రావకము ప్లాస్టికును పెళుసు జేయవచ్చును. తగిన రంగు హెల్మెట్టునే యడిగి తెచ్చుకొనవలెను.

స్త్రీల పనికి ప్రత్యేకముగా చెప్పవలసిన దొకటి కలదు. వేకువను వీధు లూడ్చు సోదరీమణులు చీరపై జాకెట్టు దొడుగుదురు. పమిటచెంగు పైకి వచ్చినచో ముందటి పట్టీ యంతయు దాని మఱుగున బడును. చెంగును లోపలనుంచి నడుమున దోపి, పైని జాకెట్టు దొడుగవలెను. మఱియు వంగి ఊడ్చువారి ఱొమ్ముపై పట్టీ నేలను జూచుచుండును. లారీవానికి గనబడునది వీపే. కావున వీపుపై, భుజములపై, మోచేతులపై పట్టీ లుండుట ముఖ్యము. చేపలరేవునకు తెల్లవాఱక ముందే తట్టలతో బోవు స్త్రీలకును ఇది వర్తించును. ఇంటి పురుషుని తొడుగును బాగుచేయు సూది తన తొడుగును మఱువరాదు.

రెండు హెచ్చరికలు. కరిగిన లోహము, మంటలు ఉన్నచోట పని చేయువారి బట్టలపై పాలియెస్టరు గుడ్డ గాని, మామూలు పట్టీలు గాని ఇంట కుట్టరాదు. అవి కరిగి చర్మమున కంటుకొనును. ఉక్కు కార్ఖానాలో అట్టి పనికి వేఱు దుస్తులు గలవు. తిరుగు యంత్రముల వద్ద పని చేయువారి పట్టీలు, త్రాళ్లు వదులుగా వ్రేలాడరాదు.

ఉదుకుటలోని మెలకువ

ఇక మేము చేసిన తప్పును మీరు చేయకుండుటకై ఉదుకు విధము చెప్పెదము. బొగ్గుపొడిని ముందుగా దులిపి, తడిగుడ్డతో పట్టీలను మెల్లగా తుడువవలెను. జాకెట్టును లోపలివైపు బయటికి దిప్పి, గోరువెచ్చని నీటిలో మెత్తని సబ్బుతో విడిగా ఉదుకవలెను. సోడా, బ్లీచింగు పొడి, గంజి, బ్రష్షు - ఈ నాలుగును కూడవు. పిండక నీరు కార్చి నీడలో ఆఱవేయవలెను. తీవ్రమైన యెండ ఫ్లోరెసెంటు రంగును తినివేయును. పట్టీలపై ఇస్త్రీపెట్టె పెట్టరాదు. ఎన్నిమారు లుదికినను పనికివచ్చునో మంచి జాకెట్ల లోపలి చీటీపై అచ్చువేసి యుండును. ఆ లెక్క దాటినచో గుడ్డ చిరుగకపోయినను జాకెట్టు చచ్చినదనియే యెంచవలెను.

చావుబ్రతుకుల నెఱుగుటకొక పరీక్ష కలదు. రాత్రి దీపము లార్పి, జాకెట్టును గోడకు దగిలించి, పది యడుగుల దూరమున నిలువుడు. చేతిదీపమును కంటి ప్రక్కన, కణతవద్ద బట్టుకొని దానిపై వెలుగు వేయుడు. బ్రతికిన పట్టీ తెల్లగా భగ్గుమనును. చచ్చిన పట్టీ బూడిదరంగుననే యుండును. దీపమును నడుమునొద్ద బట్టుకొన్నచో తేడా తెలియదు. ఏలయన ఆ వెలుగు దీపమువైపునకే మరలును గాని మీ కంటివైపునకు రాదు. పగలు రంగును పరీక్షింపవలెనన్న, జేబు లోపల ఎండ తగులని గుడ్డతో బయటి గుడ్డను బోల్చి చూడుడు.

మంచి తొడుగు నిచ్చుట పని యిచ్చువారి ధర్మము. చూచి నడుపుట డ్రైవరు ధర్మము. మనము పట్టీ కుట్టినంత మాత్రమున వారి బాధ్యత తీఱిపోదు. వెలిసిన జాకెట్టునకు బదులు క్రొత్తది యిమ్మని యడుగుటకు పనివారు సంకోచింపరాదు. అడుగుమని యింటివారు ప్రోత్సహింపవలెను. కొనువారు భారత ప్రమాణముల సంస్థ యీ తొడుగులకు ఏర్పఱచిన ప్రమాణపు గుర్తున్నదా యని చూచుకొనుట మంచిది.

మా మఱదికి క్రొత్త జాకెట్టు వచ్చినది. చీలమండలకు పట్టీలు మేమే కుట్టితిమి. మొదటిదినమున తోటివారు “గజ్జె కట్టినావా?” అని నవ్విరట. నెల తిరుగకముందే ఇద్దఱు తమ భార్యల చేత అట్టివే కుట్టించుకొనిరట. ఇప్పుడు మా యింట శనివారమునాటి రాత్రి దీపము లార్పి జాకెట్టు పరీక్షించుట యొక యాచారమైనది. మా అత్తగారు కూడ వచ్చి, పట్టీ భగ్గుమనగానే “ఇంక పరవాలేదు” అని లేచిపోవుదురు.

ఈ సారి దుకాణమునకు బోయినపుడు సోదరీమణు లడుగవలసిన మాట మాఱవలెను. “మాపు కనబడని రంగు చూపుడు” అనక, “మనిషి కనబడు రంగు చూపుడు” అనుడు. మాపు ఉదికిన బోవును.